ఎన్నడూ ఆగని బండి

ఫిజీలో మేం పెరిగిన సెయంగంగా నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, మామ పోయిండు. పొద్దున టీ తాగుతా తాగుతా ఉన్నాడు, దిల్ ఆగిపోయింది" అన్నాడు. ఏడుపు రావలసిన చోట నాకు నవ్వొచ్చింది. ఆగిపోయింది అనే మాట ఆయన బతికుండగా ఎవరన్నా అని ఉంటే ఒప్పుకునే మనిషి కారు. "అది ఆగలే. నేను ఆపినా" అనేవారు. ఫోన్ పెట్టేసి, లౌతోకాలో మా వంటింట్లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయేదాకా నవ్వాను. తర్వాత పొయ్యి తుడుస్తూ ఏడ్చాను.

ఆయన నాకు సొంత మేనమామ కాదు. కొత్తగా చెరకు భూములు ఇస్తున్నారని విని మా నాన్న నవాకాలో ఉన్నదంతా మూట కట్టుకుని సెయంగంగా వచ్చాడు. మామ పెనాంగ్ చక్కెర మిల్లు వైపు నుంచి వచ్చారు. రెండు ఇళ్ళకూ మధ్య ఒక వాగు, రెండు చెరకు చేలు. ఆ కొండల్లో తెలుగు మాట వినిపించే ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని, అందుకని ఎవరికి వాళ్ళం వరసలు కలిపేసుకున్నాం. మా అమ్మ ఆయన్ని అన్నా అంది, దాంతో నాకు మామ అయిపోయారు. ఇందులో నన్ను ఎవరూ అడగలేదు.

పొట్టి మనిషి. పొట్ట మాత్రం ముందే వచ్చి పలకరించేది. తల మీద ఎప్పుడూ ఖాకీ టోపీ, మెడ చుట్టూ తువ్వాలు, నడుం దగ్గర దోపుకున్న ఒక తెల్ల గుడ్డ. తెల్ల గుడ్డ అని అలవాటు కొద్దీ అంటున్నాను గానీ, నేనెరిగిన నాటికే అది వరద నీటి రంగుకు తిరిగింది.

ఆయనకు ఒక మోటార్‌సైకిలు ఉండేది. పాత ఇంగ్లీషు బండి. ట్యాంకు మీద కంపెనీ పేరు ఎప్పుడో చెరిగిపోతే, ఆ ఖాళీలో తిరుపతి స్వామి నామాలు పెయింటు వేయించుకున్నారు. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, చెరకు పొలాల మీద పెత్తనం చేసిన ఒక ఓవర్సీరు దొర దేశం వదిలి పోతూ ఆయనకు అమ్మిన బండి అది. బండి అప్పగిస్తూ దొర నవ్వాడట. "నీ చేతిలో ఇది వారం తిరగదు, ఆగిపోతుంది" అన్నాడట. ఈ సంగతి ఆయన నోట ఎన్నడూ వినలేదు, అత్త చెప్పింది. దొర ఓడెక్కి తన దేశం చేరి, ఈ మాట అన్నట్టు కూడా మరిచిపోయి ఉంటాడు. మామ మాత్రం ఆ దొరకు జవాబు చెబుతూనే జీవితమంతా గడిపారు.

బండికి నిజంగా పెద్ద జబ్బేమీ లేదు. కార్బొరేటర్లో చిన్న ఇత్తడి జెట్టు ఉంటుంది, దానికి చీమ తల దూరేంత చిల్లు. ఆ చిల్లులో ఏదో మడ్డి అడ్డం పడేది. వేగంగా పోయినంతసేపూ బండి బాగానే పోయేది. మలుపు దగ్గరో, గుంత దగ్గరో, ఎవరైనా చెయ్యి ఊపారనో కాస్త నెమ్మది చేస్తే చాలు, రెండుసార్లు దగ్గి చల్లబడేది. ఆయన దిగి, కార్బొరేటరు కింద గిన్నె విప్పి, జెట్టు ఊడదీసి, ఒక కన్ను మూసి ఆకాశంలోకి చూసి, నోట్లో పెట్టుకుని బుగ్గలు పూరించి ఊదేవారు. తర్వాత తుపుక్కున ఉమ్మి మళ్ళీ బిగించేవారు. పది నిమిషాల పని. మళ్ళీ ఓ ఐదారు మైళ్ళ దాకా ఢోకా లేదు.

జెట్టు ఊదడానికి పది నిమిషాలు పడితే, ఆ పది నిమిషాల్లో ఎవరో ఒకరు రాకుండా ఉండరు. వచ్చినవాళ్ళు, "కా భయా మామా, ఏమైంది, బండి ఆగిపోయిందా?" అని అడగకుండానూ ఉండరు.

"అది ఆగలే. నేను ఆపినా."

ఎందుకు ఆపారో కూడా చెప్పాలి కదా. ఆ కారణం ఆయన అప్పటికప్పుడు పుట్టించేవారు. నీ చెరకు ఎంత ఎదిగిందో చూద్దామని ఆపినా. నీ పిల్లకు దగ్గు తగ్గిందా అడుగుదామని ఆపినా. ఒకసారి వంతెన నడుమ ఆగితే నది చూద్దామని ఆపానన్నారు. అది వానల్లేని కాలం, నదిలో రాళ్ళు తప్ప ఏమీ లేదు. ఇంకోసారి పెళ్ళికొడుకు ఊరేగింపుకు ముందు నడుస్తూ బండి దగ్గి ఊరుకుంది. వెనక పెళ్ళివాళ్ళు, బాజాలవాళ్ళు అందరూ నిలబడిపోయారు. "ముహూర్తానికి ఇంకా టైమున్నది. ముందుగా పోతే ఆడపిల్లోళ్ళ కాడ ఇజ్జత్ ఉండదు, అందుకే ఆపినా" అన్నారు. పెళ్ళికొడుకు తండ్రి నిజమే కాబోలనుకుని బాజాలవాళ్ళను ఇంకో పాట వాయించమన్నాడు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా బడి పంతులమ్మగా చేసిన దాన్ని. అబద్ధం గుమ్మం ఎక్కకముందే పసిగడతాను. పిల్లలు నా ముందు అబద్ధమాడాలంటే ముందు రోజు నుంచి తయారు కావాలి. మామ అబద్ధం మాత్రం ఆ లెక్కలోది కాదు. అది అబద్ధమని ఆడేవారికి తెలుసు, వినేవాళ్ళకూ తెలుసు, చూస్తూ నిలబడ్డ ఎద్దుకు కూడా తెలుసు. అయినా ఎవరూ కాదనేవాళ్ళు కారు.

కాదనకపోవడానికి కారణం ఉంది. చూద్దామని ఆపానని నోటితో అన్న తర్వాత చూడకుండా పోవడం మర్యాద కాదు. అందుకని ఆయన జెట్టు బిగించుకుని కూడా కదిలేవారు కారు. అన్నమాట ప్రకారం చెరకు చూసేవారు, పిల్ల దగ్గు కనుక్కునేవారు, అరుగు మీద కూర్చుని పెట్టింది తినేవారు. పది నిమిషాల పని రెండు గంటలయ్యేది. అత్త అనేది, "మీ మామ బండి ఆపితే ఆపినట్టే, ఆగినా ఆపినట్టే. పొయ్యి మీద కూర మాత్రం మాడినట్టే."

ఆ అబద్ధం వల్లే ఒక పెద్ద పగ తీరింది. మా దిగువన ఆయనకు వరసకు అన్న ఒకరుండేవారు. ఆయన ఎద్దు వచ్చి మామ వరి నారు మేసిందని ఇద్దరికీ మాటలు పోయాయి. ఐదు పంటలు ఎత్తారు, మాట ఎత్తలేదు. ఒకరు గుడి భజనకు వస్తే ఇంకొకరికి ఆ రోజు జ్వరం వచ్చేది. అలాంటిది ఒక మధ్యాహ్నం, జోరువాన, ఆ అన్నగారి ఇంటి ముందు కల్వర్టు దగ్గర మామ బండి నెమ్మది చేశారు. అది రెండుసార్లు దగ్గి ఆగింది. అన్నగారు వరండాలో కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. వాన్లో జెట్టు విప్పడానికి లేదు. చుట్టుపక్కల కిటికీల్లో తలలు లేచాయి. మామ తడుస్తూ చాలాసేపు నిలబడ్డారు. ఆయన ముందు రెండే దారులు. బండి ఆగిపోయిందని చెప్పడం ఒకటి, అన్నను చూడ్డానికి వచ్చానని చెప్పడం ఒకటి. చివరికి టోపీ తీశారు.

"అన్నా, నీ తబియత్ ఎట్లున్నదో చూద్దామని ఆపినా."

అన్నగారు కుర్చీలోంచి లేచి, "లోపలికి రా, తడుస్తా ఉన్నావు" అన్నారు. ఆ రోజు నుంచి ఇద్దరూ విడిపోయింది లేదు. తగువు తీర్చడానికి పెద్దమనుషులు ఐదేళ్ళు తిరిగి చెయ్యలేని పని ఆ జెట్టు ఒక్క వానలో చేసింది.

ఆయనకు ఇంకో అలవాటు, ఏదైనా వడగట్టడం. నడుం దగ్గర గుడ్డ అందుకే. నీళ్ళు వడగట్టేవారు, టీ వడగట్టేవారు, అత్త కాచిన రసం కూడా వడగట్టబోయి తిట్లు తిన్నారు. సాయంత్రం అయితే యంగోనా. ఎండిన వేరు దంచిన పొడి నీళ్ళలో పిసికి, గుడ్డతో వడగట్టి, కొబ్బరి చిప్పలో తాగేది. మావాళ్ళంతా గ్రోగ్ అంటారు. మా దేశంలో మొదటినుంచీ ఉన్న ఫిజియన్లకు అది ఆచారం, మావాళ్ళకు అలవాటు. పొద్దున పెట్రోలు. ఆ కొండల్లోకి పెట్రోలు పీపాల్లో వచ్చేది, అందులో తుప్పూ నీళ్ళూ ఉంటాయని ఆయన నమ్మకం. గ్యాలన్ డబ్బా నుంచి ట్యాంకులో పోసేముందు గుడ్డ అడ్డం పెట్టి, చుక్క చుక్క వడగట్టేవారు. "వడగట్టంది కడుపులోకి పోగూడదు, ట్యాంకులోకి పోగూడదు" అని ఆయన సామెత. సామెత మంచిదే. రెండింటికీ గుడ్డ ఒకటే అన్న సంగతి మాత్రం అన్నేళ్ళుగా ఎవరికీ తట్టలేదు. ఆయన ఎంత శ్రద్ధగా వడగడితే బండి అంత ఎక్కువగా ఆగేది.

నాకు అక్షరాలు నేర్పింది ఆయనే. ఆదివారం మధ్యాహ్నం మా వరండాలో పలక పట్టుకుని కూర్చునేవారు. మేం బయట మాట్లాడేది ఫిజీ హిందీ, బడిలో ఇంగ్లీషు. తెలుగు ముసలివాళ్ళ నోట, దేవుడి ముందు. ఆ కాస్త కూడా పోతుందని ఆయన బెంగ. నేనొక్కదాన్నే చివరిదాకా నేర్చుకున్నాను, మిగిలిన పిల్లలు గుణింతాల దగ్గర పారిపోయారు.

నేను టీచరు కావాలనుకున్నాను. మా నాన్నకు అది ఇష్టమూ కాదు, కష్టమూ కాదు. టీచర్ల కాలేజీకి అర్జీ పెట్టనిచ్చాడు. ఇంటర్వ్యూకి రమ్మని కాగితం వచ్చిన రోజు ఒకే మాట అన్నాడు. "ఇదొక్కసారే. సీటు రాకపోతే ఇంక చదువు మాట లేదు. చెరకు కొట్టే గ్యాంగుకు వండిపెట్టే మనిషి కావాల." మా నాన్న మాట చెరకు కత్తి లాంటిది, రెండోసారి వెయ్యక్కర్లేదు. పాతికమంది కూలీలకు రోజూ పప్పు గరిటె తిప్పుతూ నేను ముసలిదాన్ని కావడం నా కళ్ళకు కనబడింది.

ఇంటర్వ్యూ లంబాసా పట్నంలో, పది నుంచి పన్నెండు వరకు. రాజధాని సువా నుంచి వచ్చే ఆఫీసరు అది కాగానే విమానం ఎక్కి వెళ్ళిపోతారు. ఆ పొద్దున మమ్మల్ని తీసుకుపోవలసిన క్యారియర్ లారీ రాలేదు, దాని ఇరుసు విరిగిందని కబురొచ్చింది. అమ్మ తల పట్టుకుంది. అంతలో వాకిట్లో చప్పుడు. మామకు ఎవరు చెప్పారో, టోపీ పెట్టుకుని వచ్చేశారు.

"ఆ బండి మీదనా?" అంది అమ్మ. "నడి దారిలో ఆగితే పిల్ల గతేంది అన్నా?"

"నా బండి ఎప్పుడాగింది చెల్లీ?" అన్నారు మామ.

నాన్న గొంతు సవరించుకుని బయటికి వెళ్ళిపోయాడు. వేరే దారి లేదు. నేను అమ్మ పసుప్పచ్చ నైలాను చీర కట్టుకుని, సర్టిఫికెట్లు బ్రెడ్డు సంచిలో పెట్టుకుని, వెనక సీటు మీద పక్కకు కూర్చున్నాను. అప్పుడు ఏడు కావస్తోంది. గంటన్నర దారి.

మొదటిసారి మా కంచె గేటు దాటకముందే ఆగింది. మామ వెనక్కి తిరిగి, "కాగితాలు తెచ్చుకున్నావా లేదా అడుగుదామని ఆపినా" అన్నారు. తెచ్చుకున్నానన్నాను. "షాబాష్" అని దిగి గిన్నె విప్పారు. వరండాలో అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది, ఏడుపుకో నవ్వుకో నాకిప్పటికీ తెలీదు.

రెండోసారి ఒక ఫిజియన్ల ఊరి మధ్యలో. అడ్డంగా పంది పిల్లలు పరిగెత్తితే నెమ్మది చేశారు. ఇంటి ముందు చాప మీద ఊరి పెద్ద కూర్చుని ఉన్నాడు. "బులా!" అని చెయ్యి ఊపాడు. "మోటార్‌సైకిల్ ఖలాస్?" అన్నాడు.

"ఖలాస్ నై! తుమ్ కో దేఖే కే రోకా!" అన్నారు మామ. నిన్ను చూడ్డానికే ఆపానని. దాంతో మా పని అయిపోయింది. చూడ్డానికి వచ్చిన అతిథికి యంగోనా ఇవ్వకుండా ఏ ఫిజియన్ పెద్దా పంపడు. ఇచ్చింది కాదని ఏ మనిషీ లేవకూడదు. చాప వేశారు. ఒకసారి చప్పట్లు, చిప్ప ఎత్తడం, గుటక, మూడుసార్లు చప్పట్లు. మళ్ళీ మొదలు. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, మామ చేతి గడియారం వంక చూస్తూ కూర్చున్నాను. నాలుగు చిప్పలు తాగి, జెట్టు ఊది, అక్కణ్ణుంచి లేచేసరికి ఎనిమిదిన్నర.

మూడోసారి ఒక తెలుగు ముసలమ్మ ఇంటి ముందు. నా గుండె అప్పుడే జారింది, ఎందుకంటే ఆ ముసలమ్మ ఎవరికీ తిండి పెట్టకుండా పంపినట్టు చరిత్రలో లేదు. "అక్కా, నిన్ను చూసి చానా దినాలైందని ఆపినా" అన్నారు మామ. ఆమె మొహం చేటంతయింది. "కూచోండి కూచోండి, రోటీ చేస్తా, బైగన్ కూర ఉన్నది" అంటూ పొయ్యి రాజేసింది, పిండి కలుపుతూ కోడలి మీద కథ మొదలుపెట్టింది. కథ ఇంకా పెళ్ళిచూపుల దగ్గరే ఉంది. అప్పటికే తొమ్మిది దాటింది.

నాకు ఒళ్ళు మండింది. పెద్దల ముందు నోరెత్తకూడదని పెంచిన పిల్లనే, అయినా ఆయన్ని బండి పక్కకు లాక్కెళ్ళాను.

"మామా, బండి చెడిపోయిందని చెప్పండి. చెడిపోయిందంటే బాగుచేసుకుని పోతాం. చూడ్డానికి వచ్చామంటే తిని పోవాల!"

ఆయన నన్నెప్పుడూ చూడనట్టు చూశారు. "బండికేం లేదు బేటీ. బండి బంగారం" అన్నారు మెల్లగా, ముసలమ్మకు వినపడకుండా. అని, తల వంచుకుని గిన్నె విప్పి, అందులో మడ్డిని రేకు మూతలోకి వంచారు. నడుం దగ్గర గుడ్డ తీసి గ్యాలన్ డబ్బా నుంచి పెట్రోలు వడగట్టడం మొదలుపెట్టారు. ఎండలో రేకు మూత కాలిపోతోంది. పెట్రోలు ఆవిరై పోయి, అడుగున మెత్తటి పొడి మిగిలింది. ఆ రంగు నేను ఒక గంట కిందటే నాలుగు చిప్పల్లో చూశాను. గుడ్డ వంక చూశాను. మళ్ళీ పొడి వంక చూశాను.

"మామా, ఇది తుప్పు కాదు. గ్రోగ్."

"గ్రోగా? బండి గ్రోగ్ తాగుతుందా?"

"మీరు తాగిస్తున్నారు. రాత్రి గుడ్డ, పొద్దున గుడ్డ ఒకటే కదా!"

ఆయన వేలితో కాస్త పొడి అద్ది నాలుక మీద పెట్టుకున్నారు. కళ్ళు మూసుకుని చప్పరించారు. చివరికి, "కందావు దీవి నుంచొచ్చిన వేరు. మంచి మాల్" అన్నారు. ఆ వెంటనే గుర్తొచ్చినట్టు, "మా ఇంట్లోది కాదు. మా ఇంట్లో ఉన్నది లోకల్. ఎవరో గిట్టనోళ్ళు కలిపినారు" అన్నారు.

వాదించే టైము లేదు. గుడ్డ లాగేసి పారేసి, అమ్మ చీర కొంగు డబ్బా మూతికి అడ్డం పట్టి మిగతా పెట్రోలు చుక్క చుక్క నేనే వడగట్టేసరికి పదిన్నర దాటింది. ముసలమ్మ రోటీలు కాగితంలో చుట్టి ఇచ్చింది, కోడలి కథ సగంలో ఉండిపోయింది. పారేసిన గుడ్డను నేను చూడనప్పుడు మామ ఏరుకుని దోపుకున్నారు.

ఎన్నో ఏళ్ళుగా ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి ఒక్క కొంగుతో పోదు కదా. నాలుగోసారి చుట్టూ చెరకు తప్ప ఇంకేమీ లేని చోట ఆగింది. ఇల్లు లేదు, మనిషి లేడు, ఎద్దు కూడా లేదు. ఇక్కడ ఎవరికని చెబుతారా అని చూశాను. ఆయన నా వైపే తిరిగారు. "ఈ చెరకు రకం ఏందో చూద్దామని ఆపినా" అన్నారు. నేను దిగి లంబాసా వైపు నడక మొదలుపెట్టాను. అర మైలు పోయాక ఆయన వచ్చి కలిశారు. మళ్ళీ ఎక్కాను. వెనక కూర్చుని ఏడుస్తున్నానని ఆయనకు తెలుసు, ఎందుకంటే ఆయన చొక్కా వీపు తడిసింది.

ఐదోసారి ఊళ్ళోకి వచ్చాక, చెరకు లారీల వరస ముందు. లారీలన్నీ ఒక్కసారి హారన్లు కొట్టాయి. జెట్టు కోసం కూర్చోలేదు. ఆయన హ్యాండిలు పట్టుకున్నారు, నేను వెనక నుంచి తోశాను. అలా తోసుకుంటూ ఆఫీసు వాకిట్లోకి వచ్చాం. గోడ గడియారం పన్నెండు దాటి పది నిమిషాలు చూపిస్తోంది.

గుమస్తా తలుపు మూసేస్తున్నాడు. లోపల సువా ఆఫీసరు, పెద్ద ఫిజియన్ ఆవిడ, ఫైళ్ళు సంచిలో సర్దుకుంటోంది. తెల్ల జుట్టు, మెడలో కళ్ళద్దాల తాడు. నేను ఊరికే తలుపు దగ్గర నిలబడ్డాను, చీర కొంగంతా పెట్రోలు వాసన, చేతులకు గ్రీజు. ఆవిడ గడియారం వంక, నా వంక చూసి ఎందుకు ఆలస్యమైందని ఇంగ్లీషులో అడిగింది.

నోరు తెరిస్తే ఇన్నేళ్ళుగా విన్న మాటే వచ్చింది. "దారిలో ఆపాం, మేడమ్" అన్నాను.

ఆవిడ కళ్ళద్దాలు తీసింది. "ఆపారా? ఇంటర్వ్యూ రోజున దారిలో ఆపుకుంటూ వచ్చారా? ఎందుకు ఆపారు?"

చెరకు చూడ్డానికని చెప్పనా, రోటీలు తినడానికని చెప్పనా? నా వెనక బూట్ల చప్పుడైంది. మామ లోపలికి వచ్చి, టోపీ తీసి గుండెకు ఆనించుకున్నారు. ఆయన ఆఫీసుల్లోకి వచ్చే మనిషి కారు. వచ్చినా ఇంగ్లీషు మాట్లాడే మనిషి కారు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు రెండుసార్లు దగ్గారు.

"మేడమ్," అన్నారు. "షీ నో స్టాప్. ఐ నో స్టాప్."

ఆవిడ చూస్తోంది.

"మోటార్‌సైకిల్ స్టాప్," అన్నారు మామ. "ఫైవ్ టైమ్ స్టాప్. ఎవ్రీడే స్టాప్. గ్రోగ్ ఇన్‌సైడ్. మై మిస్టేక్." అక్కడితో ఆగలేదు. ఇన్నేళ్ళ మడ్డీ ఒక్కసారి తన్నుకొచ్చినట్టు, "వెరీ బ్యాడ్ మోటార్‌సైకిల్, మేడమ్. గర్ల్ వెరీ గుడ్" అన్నారు.

గుమస్తా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. లేచి కిటికీలోంచి వాకిట్లో బండిని చూసింది, నామాలున్న ట్యాంకును చూసింది, తర్వాత ఆయన మొహం చూసింది. నేనూ చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. పొట్ట ముందుకు వేసుకుని తిరిగే మనిషి ఆ గదిలో చిన్నగా అయిపోయి నిలబడ్డారు.

"బండిలో గ్రోగ్ ఎట్లా పడింది?" అని ఆవిడ నన్ను అడిగింది. చెప్పమంది. నేను చెప్పాను, గుడ్డ సంగతి, జెట్టు సంగతి, ఎండలో ఆరిన పొడి సంగతి, ఒకదాని తర్వాత ఒకటి. వింటూ వింటూ ఆవిడ కుర్చీలో కూర్చుంది, సంచిలోంచి నా ఫైలు తీసింది. అదే నా ఇంటర్వ్యూ అని బయటికి వచ్చేదాకా నాకు తెలీలేదు. చివర్లో ఆవిడ, "ఇలాగే చెప్పు పిల్లలకు కూడా" అని ఫైలు మీద ఏదో రాసుకుంది. తర్వాత కొన్నాళ్ళకు సీటు వచ్చింది.

బయటికి వచ్చేసరికి మామ నాకు వీపు పెట్టి ట్యాంకు తుడుస్తున్నారు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. చాలాసేపు అక్కర్లేని చోటల్లా తుడిచారు.

"సీటు ఇస్తారేమో మామా" అన్నాను.

"ఇస్తారు. ఎందుకియ్యరు?" అని, నా వైపు తిరగకుండానే, "లోపల నేను ఏమన్నా అని ఉంటే, అది సెయంగంగాలో ఎవరికీ చెప్పగూడదు" అన్నారు.

"చెప్పను."

"ఇంగ్లీషులో అన్నా. ఇంగ్లీషులో అన్నది లెక్క కాదు. మన మాటలో అంటేనే అన్నట్టు."

ఔనన్నాను. ముసలమ్మ రోటీలు విప్పి ఇద్దరం మెట్ల మీద కూర్చుని తిన్నాం.

మాట ఇచ్చాను కాబట్టి ఆఫీసు సంగతి ఇంట్లో చెప్పలేదు. గుడ్డ సంగతి మాత్రం అత్తకు చెప్పాను, దానికి మాట ఇవ్వలేదు కదా. అత్త తిట్టుకుంటూ పెట్రోలుకని వేరే తెల్ల గుడ్డ కుట్టి ఇచ్చింది. ఆయన దాన్ని గ్రోగుకు తీసుకున్నారు, నలుగురూ చూసేది కదా అని. పాతది పెట్రోలుకు ఖాయం చేశారు. బండి ఎప్పటిలాగే నడిచింది. ఇంకో పాతికేళ్ళు ఆయన దాన్ని ప్రతి ఇంటి ముందూ ఆపుతూనే ఉన్నారు.

నేను సువా వెళ్ళాను, చదివాను, లౌతోకాలో ఇల్లు కట్టుకున్నాను. ఎప్పుడు సెయంగంగా వెళ్ళినా అక్కడి వాళ్ళు మామ బండి కథలు చెప్పి నవ్వేవాళ్ళు. "ఒక్కసారన్నా ఆగిందని ఒప్పుకున్నాడా?" అని చివర్లో ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని, ఒప్పుకోలేదనే అనేదాన్ని. ఆయన అరుగు మీద కూర్చుని నా వంక చూడకుండా గ్రోగ్ వడగట్టుకునేవారు. ఆ మనిషి తనకంటూ కూడబెట్టుకున్నది ఆ ఒక్క మాటే. దాన్ని నా కోసం ఒక ఆఫీసు గదిలో, రాని భాషలో, గుమస్తా నవ్వుతుండగా వదిలేసుకున్నారు. నేను పాతికమందికి గరిటె తిప్పకుండా బతికానంటే అందుకే. ఆయన ముందు ఈ మాట ఒక్కసారి కూడా అనలేకపోయాను, మాట ఇచ్చాను గనక.

ఇప్పుడు ఆయన లేరు. సెయంగంగాలో తెలుగు చదవగలిగిన వాళ్ళు కూడా ఎవరూ మిగల్లేదు. ఆయన పిల్లలకే రాదు, మనవలకు ఎక్కడ వస్తుంది? కనక ఇది రాసినందువల్ల అక్కడ ఎవరికీ చెప్పినట్టు కాదు, నేను మాట తప్పలేదు. కానీ మామా, మీ బండి ఆ రోజు ఐదుసార్లు ఆగిపోయింది, ఆ సంగతి మీరే నిలబడి చెప్పారు. లెక్కలోకి రావాలని దీన్ని మన మాటలోనే రాశాను.